గోడ పోయింది.. గవని మిగిలింది

* 13 నగర ద్వారాల్లో నేటికి నిలిచినవి రెండే
* ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన సుల్తాను కట్టిన వంతెన చివర ఒకటి

ఇబ్రహీంపట్నం: సాగర్ రహదారి మీదుగా నిత్యం హైదరాబాద్ వెళ్లి వచ్చే ఇబ్రహీంపట్నం వాసులకు నగరం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం నేడు కష్టమే. బొంగుళూరు నుంచి మొదలుకొని ఇళ్లు, దుకాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగిపోతాయి. ఎల్లలు గుర్తించే వీలుండదు. కానీ నూరేళ్ల కిందట ఆ ప్రశ్నకు సమాధానం చాలా సులువు. రాతి గోడ కనిపించేది. గోడలో కమాను, కమాను నెత్తిన కోటకొమ్మల వరుస, కమాను నోట ఎత్తైన తలుపులు, వాటి పక్కన కావలివారు. ఆ తలుపు దాటితే నగరం, దాటకపోతే ఊరవతల.

అటువంటి ద్వారాలు హైదరాబాద్ చుట్టూ 13 ఉండేవి. నేడు మిగిలినవి రెండు. నగరానికి పడమట పురానాపూల్ దర్వాజా, తూర్పున డబీర్‌పురా దర్వాజా. మొదటిది ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన సుల్తాను కట్టించిన వంతెన చివర ఉంది. రెండోది ఇబ్రహీంపట్నం దిక్కుకు తెరుచుకునే వైపున ఉంది. రోజూ ఎందరో వాటి కిందుగా, పక్కగా వెళ్తున్నారు. తలెత్తి చూసేవారు తక్కువ.

గవని, దర్వాజ, కమాన్

కోట ద్వారానికి తెలుగులో గవని అనే చక్కటి మాట ఉంది. గోడపైన పళ్ల వరుసలా కనిపించే కట్టడాన్ని కోటకొమ్మలు అంటారు. పెద్ద తలుపు మూసి ఉన్నప్పుడు ఒక్కొక్కరినే లోనికి పంపే చిన్న వాకిలి దిడ్డి. గోడ మీద ముందుకు పొడుచుకొచ్చి నాలుగు దిక్కులా చూడగల గుండ్రని కట్టడం బురుజు. తెలంగాణ పల్లెల్లో బురుజు, దిడ్డి అన్న మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. గవని మాత్రం దాదాపు మరుగున పడింది. దాని స్థానంలో ఫారసీ నుంచి వచ్చిన దర్వాజ స్థిరపడింది. ఎంతగా స్థిరపడిందంటే, కొత్త ఇల్లు కట్టేటప్పుడు ముహూర్తం చూసి పసుపు కుంకుమలతో ద్వారబంధం నిలిపే వేడుకను ఇక్కడి పల్లెల్లో దర్వాజ ఎత్తడమనే అంటారు. నగర ద్వారాలను జనం పిలిచిందీ ఆ మాటతోనే. కమాన్ అన్నది కూడా ఫారసీ మాటే. దానికి విల్లు అని అర్థం. వంపు తిరిగిన ద్వారానికి ఆ పేరు రావడంలో వింత లేదు.

మల్కిభరాముని వంతెన

పురానాపూల్ దర్వాజా గురించి చెప్పుకోవాలంటే ముందుగా పురానాపూల్ గురించి చెప్పుకోవాలి. మూసీ నదిపై హైదరాబాద్‌లో కట్టిన మొదటి వంతెన ఇదే. 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా దీన్ని నిర్మింపజేశారు. ఇబ్రహీంపట్నం పేరు, ఇక్కడి పెద్ద చెరువు ఆయన కాలానివే.

ఈ సుల్తాను చరిత్ర తెలుగువారికి ప్రత్యేకమైనది. అన్నతో పడక 1543లో విజయనగరానికి వెళ్లి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపారు. 1550లో తిరిగివచ్చి గోల్కొండ గద్దెనెక్కారు. తెలుగుపై మక్కువ ఏర్పడి కవులను ఆదరించడంతో వారు ఆయనను మల్కిభరాముడని తెలుగు నోటికి తగినట్లు పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అదే సుల్తాను 1565 నాటి యుద్ధంలో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలకు ఎదురు నిలవడం చరిత్రలోని చేదు నిజం. ఆ యుద్ధానంతరం గోల్కొండ సంపద పెరిగింది. చెరువులు, వంతెన ఆ కాలపు సంపద, అవసరాల నుంచే పుట్టాయి.

వంతెన పొడవు సుమారు 600 అడుగులు. వెడల్పు 35 అడుగులు. 22 రాతి కమానుల మీద నిలిచి ఉంది. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే దీన్ని చూసి పారిస్ నగరంలోని పోంట్ నెఫ్ వంతెనతో పోల్చారు. అందంలో దానికి పెద్దగా తీసిపోదన్నది ఆయన అభిప్రాయం. విశేషమేమిటంటే పోంట్ నెఫ్ అంటే కొత్త వంతెన, పురానాపూల్ అంటే పాత వంతెన. రెండింటి నిర్మాణమూ 1578లోనే మొదలైంది. పారిస్ వంతెన పూర్తవడానికి మాత్రం మరో మూడు దశాబ్దాలు పట్టింది.

భాగమతిని చూసేందుకు యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రంపై మూసీ దాటుతుండగా తండ్రి భయపడి వంతెన కట్టించాడన్న కథ జనం నోళ్లలో నానుతోంది. కథ వినసొంపుగానే ఉంటుంది గానీ 1578 నాటికి ఆ యువరాజు వయసు 13 ఏళ్లలోపే. గోల్కొండ కోట మూసీకి ఒక ఒడ్డున, మచిలీపట్నం రేవుకు పోయే బాట రెండో ఒడ్డున ఉండగా, వజ్రాలు, వస్త్రాలు, ధాన్యం నది దాటక తప్పనప్పుడు వంతెన కట్టడానికి వేరే కారణం వెతకనక్కరలేదు.

గోడ లేని నగరం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కేంద్రంగా హైదరాబాద్ నగరాన్ని నిర్మించినప్పుడు దానికి ప్రాకారం లేదు. ఆపద వస్తే దగ్గరలోనే గోల్కొండ కోట ఉండనే ఉంది. దాదాపు నూరేళ్లు ఆ ధీమాతోనే గడిచాయి.

1685లో ఆ ధీమా చెదిరింది. మొగల్ సేనలు నగరం మీదికి వచ్చాయి. సుల్తాను అబుల్ హసన్ తానీషా కోటలోకి తప్పుకున్నారు. అడ్డుగోడ లేని హైదరాబాద్ దోపిడీకి గురైంది. 1687లో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. ఫిరంగులు, సొరంగాలు సాధించలేని పనిని చివరకు లంచం సాధించింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని రాత్రివేళ తలుపు తీయించాడు. ఆ సైన్యం ప్రవేశించిన ద్వారమే ఫతే దర్వాజా, అనగా విజయద్వారమని ప్రతీతి. ఏనుగులు తలతో కుమ్మకుండా తలుపులకు ఇనుప ములుకులు బిగించినవారు, లోపలి మనిషి చేతిని ఆపే ఉపాయం మాత్రం కనిపెట్టలేకపోయారు. గవనికి రాయి ఎంత ముఖ్యమో కావలివాడు అంతకన్నా ముఖ్యమన్న సంగతి గోల్కొండలో అలా రుజువైంది.

13 దర్వాజాలు, 13 ఖిడ్కీలు

మొగల్ పాలనలో హైదరాబాద్ సుబేదారుగా ఉన్న ముబారిజ్ ఖాన్ నగరం చుట్టూ రాతిగోడ నిర్మాణాన్ని ఆరంభించారు. పని ముగియకముందే 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో నిజాముల్ ముల్క్ చేతిలో ఓడి మరణించారు. గెలిచిన నిజాముల్ ముల్క్, అనగా మొదటి అసఫ్ జా, ఓడిన శత్రువు మొదలుపెట్టిన గోడను పూర్తి చేయించారు. 1740 నాటికి అది పూర్తయింది. మరాఠా దండయాత్రల భయం ఆ రోజుల్లో ఎవరినీ నిద్రపోనిచ్చేది కాదు.

గోడ చుట్టుకొలత ఆరు మైళ్లు. అంటే దాదాపు పది కిలోమీటర్లు. దానిలో 13 దర్వాజాలు, దాదాపు అన్నే ఖిడ్కీలు ఉండేవి. ఖిడ్కీ అంటే కిటికీ అనుకోరాదు. అది మన దిడ్డి వంటి చిన్న ద్వారం. బండ్లు, పల్లకీలు, ఏనుగులు దర్వాజాల గుండా, నీళ్లు మోసేవారు, కాలినడకన వెళ్లేవారు ఖిడ్కీల గుండా వచ్చిపోయేవారు. దర్వాజాల సంఖ్యను కొందరు 14గా చెబుతారు. అఫ్జలుద్దౌలా పాలనలో (1857-69) కొత్త వంతెనకు ఎదురుగా వెలసిన అఫ్జల్ దర్వాజాను కలిపి లెక్కించడమే ఈ తేడాకు కారణం కావచ్చు.

నగర పటం తెరిస్తే ఆ ద్వారాలు పేర్లుగా ఇంకా బతికే ఉన్నాయి. చాదర్‌ఘాట్, దూద్‌బౌలి, అలియాబాద్, గౌలిపురా, యాకుత్‌పురా వంటివన్నీ ఒకప్పుడు ద్వారాల పేర్లు కూడా. ఆషాఢ బోనాలతో రాష్ట్రమంతటికీ తెలిసిన లాల్‌దర్వాజకు ఆ పేరు ఎలా వచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు. పురానాపూల్ సమీపంలోని పేట్లబురుజు కూడా ఒక బురుజు పేరే. కాన్పుల ఆసుపత్రి మూలంగా ఇబ్రహీంపట్నం పల్లెల ఆడపడుచులకు ఆ పేరు పరిచితమే.

ద్వారం కేవలం శత్రువును ఆపేందుకే కాదు. పగలు తెరిచి రాత్రి మూసే తలుపు నగర దినచర్యను శాసించేది. పొద్దుగూకేలోగా ఊరు దాటని బండి మర్నాటి దాకా గోడ నీడనే ఆగాల్సి వచ్చేది. నిజాం రాజ్యంలో సరుకులపై సుంకం వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. సుంకం నాకాలంటే పల్లె రైతుకు గుండె దడ. అలా ద్వారం అన్న మాట అధికారానికి మారుపేరైంది. దర్వాజ వద్ద నిలిపేశారన్న మాటకు పాతకాలపు పెద్దల నోట ఒక రకమైన బరువు వినిపిస్తుంది.

కమాను ఎలా నిలిచింది?

ఇబ్రహీంపట్నం పరిసరాల వారికి రాతి గవనులు కొత్త కాదు. తూర్పు దిక్కున గుట్టల్లో ఉన్న రాచకొండ కోట 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. అక్కడి ద్వారాలను పురానాపూల్ దర్వాజాతో పక్కపక్కన పెట్టి చూస్తే నిర్మాణ విద్యలో వచ్చిన మార్పు ఇట్టే బోధపడుతుంది.

రాచకొండలో సున్నం లేదు. పెద్దపెద్ద బండలను ఒకదానిపై ఒకటి ఇమిడేలా చెక్కి పేర్చారు. ద్వారానికి అటొక ఏకశిలా స్తంభం, ఇటొక ఏకశిలా స్తంభం, వాటిపై అడ్డంగా ఒక రాతి దూలం. కాకతీయుల కాలం నుంచి వచ్చిన పద్ధతి ఇది. దీనికో పరిమితి ఉంది. రాయి బరువును మోస్తుంది గానీ వంగితే విరుగుతుంది. అందువల్ల అడ్డదూలం ఎంత పొడవుగా దొరికితే ద్వారం అంతే వెడల్పు.

కమానులో ఆ చిక్కు లేదు. ముందుగా కర్రలతో వంపు అచ్చు నిలిపి, దానిపై రెండు వైపుల నుంచి ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా చెక్కిన రాళ్లను పేర్చుకుంటూ వస్తారు. నడినెత్తిన చివరి రాయి బిగించాక అచ్చు తీసేస్తారు. అప్పటి నుంచి ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ, తాను పడకుండా దాన్ని పడనీయకుండా నిలుస్తుంది. చిన్న రాళ్లతోనే ఏనుగు అంబారీతో దూరగల వెడల్పు సాధ్యమైంది ఇలాగే. దక్కనులో ఈ కమానుకు శిఖరం వద్ద మొన తేలి ఉంటుంది. పురానాపూల్ దర్వాజాలోనూ, దానికి నూరేళ్లకు పైగా ముందు కట్టిన చార్మినార్‌లోనూ కనిపించేది ఆ మొనదేలిన వంపే.

అయితే కమాను తన బరువును నేరుగా కిందికి పంపదు. పక్కలకు తోస్తుంది. ఆ తోపుడును ఆపడానికి రెండు వైపులా మందపాటి కట్టు ఉండాలి. నగర ద్వారాలకు ఆ ఆసరాను ఇచ్చింది ఇరువైపులా ఉన్న లావాటి రాతి కట్టడం, దాన్ని ఆనుకొని సాగిన ప్రాకారం. ఆ మందంలోనే కావలివారికి చోటు దొరికేది. ఎండ వేళ నీడ, వాన వేళ చూరు, రాత్రి వేళ కాగడా పెట్టుకునే గూడు అన్నీ అక్కడే. పైన కోటకొమ్మల చాటున నిలబడి తుపాకీ గురిపెట్టవచ్చు. కొమ్మల మధ్య ఖాళీల నుంచి వచ్చేవాణ్ణి చూడవచ్చు. అందానికి కట్టినట్లు కనిపించే ఆ వరుస వెనుక లెక్క ఉంది. మనిషి దాక్కోవడానికి తగినంత రాయి, చూడటానికి తగినంత సందు.

రాయి ఈ నేలదే. హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతమంతా కోట్లాది ఏళ్ల నాటి గ్రానైటు గుట్టలే. ఉలితో వరుసగా గుంతలు కొట్టి, చీలలు దిగ్గొట్టి బండను పగలగొట్టే పనితనం ఇక్కడి వడ్డెరలకు తరతరాలుగా తెలుసు. రాళ్లను కలిపింది సున్నం. ఎద్దు గానుగలో ఇసుకతో కలిపి రోజుల తరబడి రుబ్బితే వచ్చేది డంగుసున్నం. దానికి బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు వంటివి కలిపేవారు. సిమెంటులా ఒక్క రోజులో గట్టిపడదు. గాలిని పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడకు ఊపిరాడనిస్తుంది. ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి. దాని అవసరం ముందు వస్తుంది.

మన వైపు వాకిలి డబీర్‌పురా

ఇబ్రహీంపట్నం మూసీకి దక్షిణాన ఉంది. పాతనగరమూ అంతే. కాబట్టి ఇటు నుంచి వెళ్లేవారికి పాతనగరం చేరడానికి వంతెన దాటే పని లేదు. సైదాబాద్ మీదుగా తూర్పు గోడను చేరుకుంటే చాలు. ఆ గోడలోని ద్వారాల్లో డబీర్‌పురా, యాకుత్‌పురా ముఖ్యమైనవి. డబీర్ అంటే ఫారసీలో లేఖకుడు, కార్యదర్శి.

యాకుత్‌పురా దర్వాజా నేడు లేదు. డబీర్‌పురా దర్వాజా నిలిచింది. రైలు మార్గం గోడకు బయటి వైపుగా వచ్చి డబీర్‌పురా, యాకుత్‌పురా పేర్లతో స్టేషన్లు వెలిశాయి. ప్రాకారం ఆపిన మనుషులను పట్టాలు నేరుగా నగరంలోకి దించాయి. ఎంఎంటీఎస్ రైలెక్కి ఫలక్‌నుమా వైపు వెళ్లేవారికి ఈ రెండు పేర్లూ మైకులో వినిపిస్తాయి. ఒకటి ఉన్న ద్వారం పేరు, మరొకటి లేని ద్వారం పేరు.

మూసీ చీల్చిన గోడ

గోడ పతనానికి ఆరంభం 1908 సెప్టెంబరు 28. ఆ రోజు మూసీకి వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయినట్లు అంచనా. ఆనాటి లెక్కల ప్రకారం శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి మరో చెరువు మీద పడితే ఏమవుతుందో చెరువుల కింద బతికే ఇబ్రహీంపట్నం రైతుకు చెప్పనక్కరలేదు.

నది వెంబడి ఉన్న ప్రాకారం, ద్వారాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. మూసీపై వంతెనలకూ నష్టం జరిగింది. అన్నిటికన్నా పాతదైన పురానాపూల్ మాత్రం నిలిచింది. అంతకుముందు 1820 నాటి వరదలో దెబ్బతిన్నప్పుడు సికందర్ జా, 1908 తర్వాత మహబూబ్ అలీ ఖాన్ దానికి మరమ్మతులు చేయించారు. వంతెన నిలిచింది కనుక దాని కొసన ఉన్న దర్వాజాకూ పని మిగిలింది.

ఆ తర్వాత నగరం ఆలోచన మారింది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపేందుకు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు బస్తీలను విడదీసి రోడ్లు వెడల్పు చేసే కాలం మొదలైంది. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల వంటి కొత్త భవంతులు లేచాయి. శత్రుభయం లేని రోజుల్లో గోడ అడ్డంగా తోచింది. మోటారు వాహనాలు పెరిగాక ద్వారాలు ఇరుకుగా తోచాయి. ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. అఫ్జల్ దర్వాజా పాత ఛాయాచిత్రాల్లో మాత్రమే మిగిలింది. గోడ రాళ్లు ఎవరి ఇంటి పునాదుల్లో చేరాయో ఎవరూ లెక్కించలేదు.

కోట కాని కోటలు

నిజమైన కోటగోడకు అవసరం తగ్గుతున్న కాలంలోనే అలంకారం కోసం కోటకొమ్మలు పెట్టుకోవడం మొదలు కావడం గమ్మత్తైన సంగతి. ఇంగ్లండులో 18, 19 శతాబ్దాల్లో జమీందారులు తమ తోటల వాకిట కావలివాని కుటుంబం ఉండేందుకు చిన్న రాతి ఇల్లు కట్టించేవారు. దాన్ని గేట్ లాడ్జి అనేవారు. బండి చప్పుడు వినగానే బయటికి వచ్చి గేటు తీయడం ఆ కుటుంబం పని. కొందరు ఆ చిన్న ఇంటికి కూడా కోటలా కొమ్మలు, బురుజులు చేయించి మురిసిపోయేవారు. యుద్ధం రాదు, ఫిరంగి పేలదు. చూసేవారు గొప్పవారి వాకిలి అనుకుంటే చాలు.

ఆ మోజు హైదరాబాద్ ప్రభువులకూ అంటింది. సాగర్ రహదారి మీదుగా మలక్‌పేట వైపు వెళ్లేవారికి దగ్గరలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. పాయిగా ప్రభువు సర్ ఆస్మాన్ జా 1885లో గుట్టపై కట్టించిన ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్ అది. 1887 నుంచి 1893 వరకు ఆయన నిజాం ప్రధానమంత్రి. ఆయన అసలు బిరుదు బషీరుద్దౌలా పేరు మీదనే బషీర్‌బాగ్ వెలసింది. గ్రానైటు రాతితో, కోటకొమ్మలతో ఐరోపా మధ్యయుగపు దుర్గంలా ఆస్మాన్‌గఢ్ కనిపిస్తుంది. తర్వాతి కాలంలో అందులో పాఠశాల నడిచింది. మరో పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమాకు కూడా గుట్ట కింద ప్రత్యేకమైన ద్వార భవనం ఉంది. నేడు హోటలుగా నడుస్తున్న ఆ ప్యాలెస్‌కు వచ్చే అతిథులు అక్కడి నుంచే గుర్రపు బండి ఎక్కుతారు.

పల్లెల్లోనూ దొరల గడీలకు ఇదే పోకడ. ఎత్తైన దర్వాజ, పెద్ద తలుపులో చిన్న దిడ్డి తలుపు, రెండు పక్కలా అరుగులు. అరుగు మీద కూర్చున్న మనిషి ఊ అంటే లోనికి, కాదంటే బయటికి. నగర గవని చేసిన పనినే గడీ దర్వాజ ఊరి కొలతలో చేసింది. తెలంగాణ పల్లెల్లో అటువంటి గడీలు అనేకం శిథిలమయ్యాయి. చేదు జ్ఞాపకాలు ముడిపడి ఉండటంతో వాటిని కాపాడాలన్న తలంపు చాలా ఊళ్లలో కలగలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా ఆ తలుపులను చెక్కిన వడ్రంగి, ఆ రాయిని మలిచిన వడ్డెర కూడా ఆ ఊరివారేనన్నది మరువరానిది.

సున్నం గోడకు సిమెంటు పూత

మిగిలిన రెండు ద్వారాలకూ నేడు శత్రువు లేడు. ఉన్నవి వాన, వేరు, వాహనం, మరమ్మతు.

వీటిలో మొదటి రెండూ ఒకదానికొకటి తోడు. కోటకొమ్మల సందుల్లో పక్షులు విడిచిన రావి, మర్రి గింజలు మొలుస్తాయి. పైన చెట్టు చిన్నదిగానే కనిపిస్తుంది. వేరు మాత్రం సున్నాన్ని వెతుక్కుంటూ రాళ్ల మధ్యకు దిగుతుంది. ఏళ్లు గడిచాక చెట్టును నరికినా వేరు లోపలే ఉంటుంది. అది కుళ్లి మిగిల్చిన సందులోకి వాన నీరు చేరుతుంది.

మరమ్మతు వల్ల కూడా కీడు జరగవచ్చునంటే ఆశ్చర్యం కలగవచ్చు. పాత సున్నం గోడపై సిమెంటు పూస్తే కట్టడం గట్టిపడిందనే అనుకుంటారు. నిజానికి సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. తేమ లోపలే చిక్కుకొని పాత సున్నాన్ని పిండి చేస్తుంది. కొన్నేళ్లకు పైపూత పెచ్చులుగా ఊడిపడేటప్పుడు తనతో పాటు పాత కట్టునూ కొంత తీసుకుపోతుంది. చార్మినార్ వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం నుంచే 2019 మే నెలలో ఒక మినారు సున్నపు నగిషీ కొంత ఊడిపడింది. నిత్యం కనిపెట్టుకొని ఉన్న చోటే అలా జరిగితే, రోడ్డు నడుమ నిలిచిన దర్వాజాల సంగతి ఊహించుకోవచ్చు.

ఇక వాహనం. పైన చెప్పుకొన్నట్లు కమాను పక్కలకు తోస్తుంది. ఆ తోపుడును ఆపిన ప్రాకారం నేడు లేదు. ద్వారం ఒంటరిగా, తన సొంత మందాన్నే ఆసరా చేసుకొని నిలిచింది. కింద బరువైన బండ్లు పోయినప్పుడల్లా నేల అదురుతుంది. ఒక్క అదురు ఏమీ చేయదు. నిత్యం అదురుతూ ఉంటే సందుల్లో సున్నం రాలుతుంది. పురానాపూల్ వంతెనకు ఈ విషయంలో కొంత మేలు జరిగింది. భారీ వాహనాలు పక్కనే కట్టిన కొత్త వంతెన మీదుగా మళ్లాయి. పాత వంతెన కూరగాయల బజారుగా మారింది. నాలుగు శతాబ్దాలు దాటిన రాయికి గంపల బరువు ఒక లెక్క కాదు.

వారసత్వ కట్టడాల రక్షణకు తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రత్యేక చట్టం తెచ్చింది. చట్టంతో పాటు సున్నం పని తెలిసిన మేస్త్రీలు కావాలి. గానుగలు మాయమై సిమెంటు బస్తాలు వచ్చాక ఆ పని నేర్చేవారు తగ్గిపోయారు. ఇబ్రహీంపట్నం పల్లెల్లో పాత మిద్దెలకు గచ్చు వేసిన వృద్ధుల చేతుల్లో ఆ విద్య కొద్దిగా మిగిలి ఉంటే ఉండాలి.

చూడాలనుకుంటే..

ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రహదారిపై చంపాపేట, సైదాబాద్ మీదుగా వెళ్తే ముందుగా డబీర్‌పురా దర్వాజా వస్తుంది. కమాను కిందికి వెళ్లకముందే బయటి వైపు ఆగి చూడాలి. ఊళ్ల నుంచి వచ్చేవారికి నగరం చూపిన ముఖం అటువైపే. అక్కడి నుంచి చార్మినార్ మీదుగా పడమటికి, హైకోర్టు దాటి వెళ్తే పురానాపూల్ దర్వాజా. గోడ లేని రోజుల్లో ఈ దారిన ఆటంకం ఉండేది కాదు, గోడ ఉన్న రోజుల్లో రెండు తలుపులు దాటవలసి వచ్చేది.

పురానాపూల్‌కు తెల్లవారుజామునే వెళ్లడం మంచిది. బజారు నిండకముందు వంతెన మీద నడిచి, అవతలి ఒడ్డున కార్వాన్ వైపు నుంచి వెనక్కి తిరిగి చూస్తే నది, 22 కమానులు, వాటి కొసన దర్వాజా ఒకే చూపులో కనిపిస్తాయి. గోల్కొండ నుంచి వచ్చే వర్తకుల బిడారు చూసిన దృశ్యం ఇంచుమించు అదే. అప్పుడు మూసీలో నీళ్లు తేటగా ఉండేవి.